డీజిల్ లెక్క ఇల్లాలు రాస్తే...

పాలవాడి లెక్క మీ ఇంట్లో ఎవరు రాస్తారు? మనమే కదండీ! పాలు రాని రోజున క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేది మనమే. గ్యాసు బండ మార్చిన రోజు గోడ మీద రాసి పెట్టుకుని, "ఈసారి నలభై రోజులకే అయిపోయిందేమిటి?" అని ఆరా తీసేది కూడా మనమే. మరి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే బండి ఎంత డీజిల్ తాగుతోందన్న లెక్క మాత్రం మగవాళ్ళ నోటి లెక్కగానే ఎందుకు ఉండిపోవాలి? వాళ్ళకు బండి మీద ఉన్న ప్రేమ బండి లెక్క మీద ఉండదు. ఏమనుకోకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

మాది ఇస్నాపూర్. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా పుణే వైపు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పటాన్‌చెరు దాటాక వస్తుంది. ఈ రోడ్డునే పెద్దవాళ్ళు ఇప్పటికీ "నైన్ నంబర్ రోడ్డు" అంటారు. చౌరస్తా నుంచి లోపలికి పోతే పాశమైలారం ఫ్యాక్టరీలు. ఈ చుట్టుపక్కల ఎందరో ఒక ట్రాలీనో, డీసీఎమ్మో కిస్తీల మీద కొనుక్కుని కిరాయికి తిప్పుతారు. మాకూ ఒక పికప్ బండి ఉంది, టన్నున్నర మోస్తుంది. మావారు కిరాయిలు మాట్లాడుకుంటారు, మా ఊరి అబ్బాయే ఒకతను నడుపుతాడు. బస్తాలు, అట్టపెట్టెలు, డ్రమ్ములు వేసుకుని బొల్లారం, జీడిమెట్ల, బాలానగర్, అప్పుడప్పుడు జహీరాబాద్ దాకా వెళుతుంది. బండి లెక్క రాసేది నేను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన దాన్ని. అయినా ఈ లెక్కకు అంత చదువు కూడా అక్కర్లేదు. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు.

బండి ఉన్న ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మైలేజీ పడిపోయింది, డ్రైవరు డీజిల్ తీస్తున్నాడు." ఈ ఒక్క మాట మీద పని పోగొట్టుకున్న పిల్లలు మా వైపు ఎందరో ఉన్నారు. దొంగ అన్న పేరు ఒకసారి అడ్డా మీద పడిందంటే ఇంకొకరు బండి తాళం చేతికివ్వరు. అందుకే ఈ లెక్క డబ్బుకు సంబంధించినది మాత్రమే కాదంటాను.

మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. ఒక వారం 260 కిలోమీటర్లు తిరిగిన బండికి 18 లీటర్ల డీజిల్ పట్టింది. అంటే లీటరుకు 14.4 కిలోమీటర్లు. మావారి ముఖం వెలిగిపోయింది. మరుసటి వారం కూడా 260 కిలోమీటర్లే తిరిగింది, కానీ 22 లీటర్లు పట్టింది. లీటరుకు 11.8! "పోయిన వారం పద్నాలుగున్నర ఇచ్చిన బండి ఈ వారం పన్నెండు గూడ ఇయ్యలే. డీజిల్ ఎటు పోయింది?" అని మావారు గొంతు పెంచారు. మా మరిది పక్కనే ఉండి, "క్యానులకు పోయింది, ఇంకెటు పోతది" అన్నాడు. ఆ అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "వదినా, చుక్క ముట్టలే నేను. కావాల్నంటే ట్యాంకు మూతకు తాళం ఏసుకోండ్రి" అన్నాడు. వాళ్ళ అమ్మ ఆ నెలలోనే కంటి ఆపరేషన్ చేయించుకుని ఉంది.

నేను పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. మొదటి వారం డీజిల్ కొట్టించిన బంకు వేరు. వెనక లారీలు బారులు తీరి ఉంటే, పిస్టలు టక్కుమని ఆగగానే తీసేశారట. రెండో వారం మరో బంకులో, తీరికగా, ట్యాంకు మెడదాకా నింపారు. అంటే మొదటిసారి ట్యాంకు రెండు లీటర్లు వెలితిగా మిగిలింది, రెండోసారి ఆ రెండు లీటర్లూ కలిసి పట్టాయి. విడివిడిగా చూస్తే ఒక వారం బండి బంగారం, మరో వారం డ్రైవరు దొంగ! రెండూ కలిపి చూడండి. 520 కిలోమీటర్లు, 40 లీటర్లు. లీటరుకు సరిగ్గా 13. డీజిల్ ఎక్కడికీ పోలేదు.

"ఒక్క నెల ఆగండి, తర్వాత మీ ఇష్టం" అన్నాను. నెలలో ఆరుసార్లు నింపిన లెక్క మొత్తం కలిపితే 1,960 కిలోమీటర్లకు 151 లీటర్లు. పదమూడుకు పిసరంత తక్కువ. మావారు మారుమాట్లాడకుండా ఆ అబ్బాయికి బత్తా ఇచ్చి పంపారు. మరిది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. ఆయన సంగతి వదిలేద్దాం.

నింపిన చోటి నుంచి నింపిన చోటికి

ఇక అసలు పద్ధతి. ట్యాంకులో ఎంత ఉందో ముల్లు చూసి చెప్పడం వంటలో కళ్ళతో ఉప్పు వేయడం లాంటిది. చెయ్యి తిరిగిన వాళ్ళకు కుదురుతుంది గానీ లెక్కకు పనికిరాదు. చాలా బండ్లలో ముల్లు పైసగం నిదానంగా, కింది సగం గబగబా దిగుతుంది. మిట్టకు ఒకలా, పల్లానికి ఒకలా చూపిస్తుంది. కనుక ట్యాంకు పూర్తిగా నింపించి, ఆ రోజు మీటరులో ఉన్న కిలోమీటర్లు రాసుకోవాలి. ఆ మొదటిసారి ఎన్ని లీటర్లు పట్టిందన్నది మనకు అక్కర్లేదు, అది పాత అప్పు. బండి తిరిగాక మళ్ళీ పూర్తిగా నింపించాలి. ఈసారి పట్టిన లీటర్లే ఈ మధ్యలో బండి తాగినవి. అప్పటి మీటరులోంచి ఇప్పటి మీటరు తీసివేసి... కాదు కాదు, ఇప్పటి దానిలోంచి అప్పటిది తీసివేసి, వచ్చిన కిలోమీటర్లను లీటర్లతో భాగించాలి. మా అమ్మాయికి చెప్పేటప్పుడు కూడా ఇలాగే తిరగేసి చెబుతాను!

మన ఆర్టీసీ వాళ్ళు చేసేదీ ఇదే. బస్సు డిపోకు తిరిగి రాగానే ట్యాంకు మళ్ళీ నింపుతారు. ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని బస్సు వారీగా, డ్రైవరు వారీగా రాస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కేఎంపీఎల్. పెద్ద బస్సు కదా, లీటరుకు అయిదు కిలోమీటర్ల చిల్లర మాత్రమే వస్తుంది. డీజిల్ బాగా పొదుపు చేసిన డ్రైవర్లకు బహుమతులు కూడా ఇస్తుంటారు. వేల బస్సులకు పనికొచ్చిన పద్ధతి మన ఒక్క ట్రాలీకి పనికిరాదా?

మధ్యలో రెండు వేలకో, వెయ్యికో కొట్టించినా నష్టం లేదు. ఆ లీటర్లు రాసిపెట్టుకుని, తర్వాత పూర్తిగా నింపిన రోజు అన్నీ కలపాలి, అంతే. బీదర్ వైపు కిరాయి తగిలిందంటే, కర్ణాటకలో ధర మనకంటే తక్కువ కాబట్టి మన బండ్లవాళ్ళు అక్కడే పోయించుకుని వస్తారు. ఆ బిల్లు జేబులోనే ఉండిపోయిందా, మీ లెక్కలో బండి గాలి పీల్చుకుని నడిచినట్టు మైలేజీ పద్దెనిమిది తేలుతుంది!

రూపాయలు రాసుకుంటే చాలదు, లీటర్లు రాయాలి. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది, 2017 జూన్ 16 నుంచి ఏ రోజు ధర ఆ రోజు మారే పద్ధతి వచ్చింది. "రెండు వేలది కొట్టు" అంటే అప్పుడు ఎన్ని లీటర్లు వచ్చాయో ఇప్పుడూ అన్నే రావాలని లేదు. ఇంకో సంగతి, బంకులో ఇచ్చే బిల్లు కాగితం ఎండకు, వేడికి తెల్లబడిపోతుంది. బండి డ్యాష్‌బోర్డు మీద నాలుగు రోజులు ఉన్న బిల్లులో నాకు బంకు పేరు కూడా కనిపించలేదు. అందుకే ఏ రోజు బిల్లు ఆ రోజే పుస్తకంలోకి ఎక్కించాలి. మా డ్రైవరు ఇప్పుడు బంకు దగ్గర నిలబడే మీటరుకు, బిల్లుకు ఫోటోలు తీసి నా ఫోనుకు పంపుతాడు. అడిగితే పంపడం కాదు, తనంతట తానే.

నింపేటప్పుడు కొన్ని పట్టింపులు ఉండాలి. వీలైనంతవరకు ఒకే బంకులో, ఒకే మిషను దగ్గర, బండి ఎత్తుపల్లాలు లేని చోట నిలిపి పోయించాలి. డీజిల్‌కు నురుగు ఎక్కువ. వేగంగా పోస్తే నురుగుకే పిస్టలు ఆగిపోతుంది, ట్యాంకు నిండిందనుకుంటాం. నిదానంగా పోయమని చెప్పి, మొదటిసారి ఆగిన చోటే ఆపేయమనండి. "అమ్మా, రౌండు ఫిగరు చేయనా?" అంటారు. వద్దనండి. చిల్లర ఇబ్బందే గానీ, ఒకసారి మొదటి టక్కుకు, మరోసారి మెడదాకా నింపితే పైన చెప్పిన రెండు లీటర్ల గొడవే మళ్ళీ వస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా అర లీటరో, లీటరో తేడా రాక మానదు. అందుకే ఒక్క ట్యాంకు లెక్క చూసి ఎవరినీ ఏమీ అనకూడదు. 20 లీటర్లలో రెండు లీటర్ల తేడా అంటే నూటికి పది. అదే పదిసార్లు నింపిన 400 లీటర్లలో ఆ రెండు లీటర్లు నూటికి అర మాత్రమే. ఈసారి వెలితిగా మిగిలింది వచ్చేసారి నిండుతుంది కాబట్టి తప్పు పోగుపడదు. ఎన్నిసార్లు ఎక్కువ కలిపితే లెక్క అంత నిజానికి దగ్గరవుతుంది.

కలిపేటప్పుడు ఒక మెలిక ఉంది, బాగా లెక్కలు వచ్చిన వాళ్ళు కూడా ఇక్కడ జారుతుంటారు. బండి ఒకసారి 600 కిలోమీటర్లకు 40 లీటర్లు తాగింది, అంటే 15. మరోసారి 100 కిలోమీటర్లకు 10 లీటర్లు, అంటే 10. పదిహేను, పది కలిపి రెండుతో భాగిస్తే పన్నెండున్నర. అది తప్పు! మొత్తం 700 కిలోమీటర్లను మొత్తం 50 లీటర్లతో భాగించాలి, 14 వస్తుంది. కిలో కందిపప్పును ఒక ధరకు, పావుకిలోను మరో ధరకు కొని సగటు తీయమంటే మనం ఇలా పొరబడం కదా.

లీటర్ల సంగతి ఇలా ఉంటే, కిలోమీటర్ల సంగతీ చూసుకోవాలి. నొక్కితే సున్నాకు వచ్చే ట్రిప్పు మీటరును నమ్ముకోకండి. క్లీనరో, పిల్లలో నొక్కేస్తారు. పెద్ద మీటరే రాయండి. పాత బండ్లలో చివర ఎర్రగా ఉండే అంకె కిలోమీటరులో పదో వంతు. దాన్నీ కలిపి చదివితే బండి ముంబై పోయి వచ్చినట్టు కనిపిస్తుంది. మీటరు సరిగ్గా తిరుగుతోందో లేదో చూడడానికి రోడ్డు పక్కన రాళ్ళున్నాయి. జాతీయ రహదారి మీద పసుపు రంగు తలపాగా చుట్టుకున్న రాళ్ళు చూసే ఉంటారు. ఒక రాయి దగ్గర మీటరు రాసుకుని, సరిగ్గా యాభై కిలోమీటర్ల అవతలి రాయి దగ్గర మళ్ళీ చూడమనండి. మీటరులో 51 తిరిగిందంటే మీ మైలేజీ నూటికి రెండు చొప్పున ఎక్కువ కనిపిస్తోందన్నమాట. ఫోనులో మ్యాపు పెట్టుకుని కూడా సరిచూసుకోవచ్చు. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గి, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది. అందుకే కొత్త టైర్లు వేసిన నెల మైలేజీ కొంచెం తగ్గినట్టు అనిపిస్తే కంగారు పడకండి.

బంకు కొలత మీద అనుమానం వచ్చిందా? ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. దానిలో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటారు, అది మించితే ఫిర్యాదు చేయవచ్చు. మా మావారు మొహమాటపడితే నేనే ఒకసారి దిగి అడిగాను. కుర్రవాళ్ళు వింతగా చూశారు గానీ పాత్ర తెచ్చి కొలిచి చూపించారు. సరిగ్గానే ఉంది. అప్పటి నుంచి ఆ బంకుకే వెళుతున్నాం.

బరువు గడి, మాట గడి

మార్జిన్ గీసిన రెండు వందల పేజీల లాంగ్ నోటు పుస్తకం చాలు. తేదీ, మీటరు, లీటర్లు, పూర్తిగా నింపారా లేక కొంచెమా, వీటికి తలా ఒక గడి. ఇంకా రెండు గడులు తప్పక ఉంచండి. ఒకటి బరువు. కాంటా చిట్టీలు ఎలాగూ వస్తాయి, వాటిలోంచి రాయడమే. ఖాళీగా తిరిగి వచ్చిన బండికి, రానూపోనూ టన్నున్నర మోసిన బండికి ఒకే మైలేజీ అడగడం న్యాయం కాదు. రెండోది నాలుగు మాటలు రాసుకునే గడి. "బాలానగర్ ట్రాఫిక్", "ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడు గంటలు", "ముత్తంగి నుంచి రింగు రోడ్డు మీద", ఇలా. గేటు దగ్గర వరసలో నిలబడి ఇంజను ఆపకుండా ఉంచితే గంటకు అర లీటరు పైనే కాలుతుంది, కిలోమీటరు మాత్రం ఒక్కటీ కదలదు. ఎండాకాలంలో ఏసీ వేసుకుని కూర్చున్న డ్రైవరును నేను తప్పుపట్టను. కానీ లెక్కలో అది రాయకపోతే అతని మీదికే వస్తుంది.

ఈ గడుల విలువ మాకు ఒక వానాకాలంలో తెలిసింది. వరసగా మూడుసార్లు 12.1, 11.7, 11.4 వచ్చింది. బరువులు ఎప్పటివే, తిరిగిన దారులూ అవే. ఇది మొదటి గొడవలాంటిది కాదు. అక్కడ ఒకసారి ఎక్కితే ఒకసారి దిగింది. ఇక్కడ మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంది. అలా దిగితే మాత్రం ఏదో ఉన్నట్టే. డ్రైవరును అడిగితే, "వెనక కుడి చక్రం కాడ వేడి కొడుతుంది వదినా, అన్నకు చెప్పిన, చూద్దాం అన్నడు" అన్నాడు. పటాన్‌చెరులో మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, బ్రేకు వదలకుండా పట్టేసి ఉంది. కాలు తీసినా బండి బ్రేకు వేసుకునే నడుస్తోందన్నమాట. డ్రమ్ము విప్పి శుభ్రం చేసి బాగుచేశాక మళ్ళీ పదమూడుకు వచ్చింది. లెక్క తగ్గిందని చెబుతుందే గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు. అది మనం అడిగి తెలుసుకోవాలి. ముందుగా అడగవలసింది స్టీరింగు పట్టుకున్న మనిషినే. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, పట్టేసిన బ్రేకు, ఇవన్నీ చూశాకే మనుషుల మీదికి వెళ్ళాలి.

దీనివల్ల ఎంత మిగులుతుందంటారా? 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గిన తర్వాత హైదరాబాదులో లీటరు డీజిల్ 95 రూపాయల 65 పైసలు అయింది. ఆ ధరకే లెక్క కడదాం. యూరప్ దేశాల్లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చెప్పుకుంటారట. మన ఇంటి ఖర్చు లెక్కకు అదే తేలిక అనిపిస్తుంది నాకు. లీటరుకు 13 ఇచ్చే బండికి వంద కిలోమీటర్లకు 7.7 లీటర్లు, అంటే దాదాపు 736 రూపాయలు. పదకొండున్నర ఇస్తే 8.7 లీటర్లు, 832 రూపాయలు. తేడా 96 రూపాయలే కదా అనుకుంటాం. నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగే బండికి అది 2,400 రూపాయలు! రెండు గ్యాసు బండలు తెచ్చుకున్నా ఇంకా మిగులుతుంది. పైగా కిరాయి మాట్లాడేటప్పుడు ఈ వంద కిలోమీటర్ల లెక్క చేతిలో ఉంటే, మావారు "పోనీలే" అని నష్టానికి ఒప్పుకోవడం తగ్గింది. నేను ముందే ఒక చీటీ మీద రాసిచ్చి పంపుతాను.

కొత్త బండ్లలో ముందు పలక మీదే మైలేజీ అంకె వస్తోంది కదా, ఈ పుస్తకమెందుకు అని అడిగారు మా ఎదురింటావిడ. ఆ అంకె ఇంజనులోకి ఎంత డీజిల్ పోయిందో బండి తనంతట తాను వేసుకునే అంచనా. ఈ రోజు నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని చూసుకోవడానికి బాగుంటుంది. ట్యాంకులోంచే డీజిల్ కారిపోయినా, ఎవరైనా తీసినా దానికి తెలియదు. బంకు బిల్లుతో సరిచూసుకోవలసిందే. ఇక కంపెనీవాళ్ళు చెప్పే మైలేజీ అంటారా, అది పరీక్షశాలలో రోలర్ల మీద నడిపి కట్టిన లెక్క. అక్కడ రుద్రారం దగ్గర రోడ్డు పనులూ ఉండవు, పాశమైలారం గేటూ ఉండదు.

బండి లేదు, స్కూటీయే ఉందంటారా? ఇదే పద్ధతి దానికీ సరిపోతుంది. ట్యాంకు చిన్నది కాబట్టి పావు లీటరు తేడా కూడా లెక్కను తలకిందులు చేస్తుంది. అందుకని కనీసం అయిదారుసార్లు నింపిన తర్వాతే కలిపి భాగించండి. స్కూటీని స్టాండు వేసి నిలిపి ఒకసారి, పక్కకు వాల్చి మరోసారి పోయించకండి. సీటు కింద చిన్న పుస్తకం, ఒక పెన్సిలు పెట్టుకుంటే మంచిది. పెన్ను అయితే ఎండకు సిరా కారుతుంది.